గబ్బిలం ఏ చూరు కింద వేలాడింది?

కవిగారికి సన్మానం జరిగిందనుకోండి. దండ పడుతుంది, శాలువా పడుతుంది, ఆ వెనకాలే ఒక ప్రశ్న కూడా పడుతుంది: "తమరి రచనలకు ప్రేరణ ఏమిటండీ?" కవిగారు కాసేపు పందిరి వంక చూసి, గోదావరి అనో, చందమామ అనో, తల్లిగారి జోలపాట అనో సెలవిస్తారు. సభవారు చప్పట్లు కొడతారు. ఈ జవాబులు అబద్ధాలని నేననను. కాని గోదావరిని చూసినవాళ్ళు లక్షలమంది ఉన్నారు. కవులు లక్షలమంది లేరు. చందమామ అందరి పెరట్లోకీ వస్తాడు. కాబట్టి కవి ఏం చూశాడన్నది సగం ప్రశ్నే. చూసినదాన్ని ఏ జ్ఞాపకం వచ్చి పట్టుకుందన్నది తక్కిన సగం.

మా రొంపిచెర్ల వైపు గోదావరి లేదు. సాగర్ కుడికాలువ రాకముందు మాది మబ్బు కోసం మొగమెత్తి చూసే మెట్టనేల. జొన్నచేలు, రాళ్ళు, ఎండ. ఇలాంటి సీమలో కవిత్వానికి ముడిసరుకు ఏముంటుందని ఎవరికైనా అనుమానం వస్తే, నరసరావుపేటలో రైలెక్కి వినుకొండ దాకా వెళ్ళి రమ్మంటాను. 1895లో గుర్రం జాషువా పుట్టిన ఊరది.

ఆయన పద్యాల్లోకి ఎక్కిన వస్తువుల జాబితా ఒకసారి వేసి చూడండి. గబ్బిలం. సాలీడు. గిజిగాడు. పసిబిడ్డ. శ్మశానం. ఇందులో డబ్బు పెట్టి కొనుక్కోవలసింది ఒక్కటీ లేదు. సాలెగూడు కనబడితే ఇల్లాలు చీపురు అందుకుంటుంది. గిజిగాడి గూడు ఊరిబయట తుమ్మచెట్టుకు వేలాడుతుంటే పిల్లలు రాళ్ళు విసురుతారు. శ్మశానం వైపు సరేసరి, పనిపడితే తప్ప ఎవరూ తలతిప్పరు. మనం దులిపేసేదీ, రాయి విసిరేదీ, మొగం తిప్పుకునేదీ ఏరుకొచ్చి ఆయన పద్యంలో కూర్చోబెట్టాడు.

బళ్ళో ఈ పద్యాలు చెప్పేటప్పుడు 'ప్రకృతి వర్ణన' అని ఒక చీటీ అంటించి ఊరుకుంటారు. నాకు ఆ చీటీ చూస్తే ఒళ్ళు మండుతుంది. గిజిగాడు ఏ కులంవాడి దగ్గరా తాపీపని నేర్చుకోలేదు. సాలీడు ఎవరి మగ్గమూ అరువడగలేదు. ఎవరూ గురువుగా కూర్చుని నేర్పకపోయినా, తన కడుపులోంచి తానే దారం తీసుకుని నేసే పురుగును చూసి జాషువా అంతగా మురిసిపోయాడంటే కారణం ప్రకృతి మీద మోజు ఒక్కటే అని నమ్మమంటారా? చదువుకోసం, సభలో చోటుకోసం అడుగడుగునా పెనుగులాడిన మనిషికి, తనంత తాను పనివాడైన ప్రాణి ఒకటి చూరులో కనిపించింది. అది తోటి పనివాణ్ణి పలకరించటం. వర్ణన దాని తర్వాత.

ఇక 'గబ్బిలం' సంగతి. 1941లో వచ్చింది. దాని పేరెత్తగానే పండితులు కాళిదాసు 'మేఘసందేశం' అందుకుంటారు. అందుకోవలసిందే, అచ్చు అక్కడిదే. యక్షుడు మేఘంతో కబురంపాడు, ఈయన కథానాయకుడు గబ్బిలంతో కాశీ విశ్వనాథుడికి కబురంపాడు. కాని అచ్చు ఎక్కడిదో చెప్పినంతమాత్రాన అందులో పోసిన లోహం ఎక్కడిదో చెప్పినట్టు కాదు. యక్షుడి శిక్షకు గడువుంది: ఏడాది. గడువు తీరగానే వెళ్ళి ఇల్లాలిని చూసుకుంటాడు. గుడిసెలోని ఈ మనిషి శిక్షకు గడువు లేదు, చేసిన తప్పూ లేదు. యక్షుడు భార్యకు కబురంపితే, ఇతను దేవుడికి ఫిర్యాదు పంపుతున్నాడు. ఒక్క మార్పుతో విరహకావ్యం కాస్తా అర్జీ అయి కూర్చుంది.

గబ్బిలమే ఎందుకు? హంసలున్నాయి, చిలకలున్నాయి, మన కావ్యాల్లో రాయబారాలకు అలవాటుపడ్డ పక్షులు బోలెడున్నాయి. అపశకునపు పక్షిని తెచ్చి నెత్తికెక్కించుకోవటంలో ఎత్తిపొడుపు ఉందంటారు. ఉంది. కాని అసలు కిటుకు అంతకన్నా సాదా అయినది. గబ్బిలం గుడిలోకి పోగలదు. పూజారి లేని వేళ చూసి దేవుడి దగ్గర మాట చెప్పగలదు. సాయంత్రం పూట ఏ పాత గోపురం దగ్గర నిలబడినా మనకు గబ్బిలాలు కనిపిస్తాయి. ఊరందరూ చూసేదే. అయితే లోపలికి పోయే హక్కున్నవాడికి గబ్బిలాల కంపు తెలుస్తుంది. గుమ్మం దగ్గర ఆగిపోయినవాడికి గబ్బిలం వెళ్ళే దారి తెలుస్తుంది. చూపు ఒకటే, నిలబడ్డ చోటు వేరు.

అందులోనే ఇంకో చిన్న ముచ్చట. గబ్బిలం గుడిసెలోకి దూరి తిరుగుతుంటే దాని రెక్కల గాలికి ఆ పేదవాడి చిన్న ఆముదపు దీపం ఆరిపోతుంది. చదువుతూ చదువుతూ చాలామంది ఇక్కణ్ణుంచి ముందుకు పోతారు. నేను ప్రతిసారీ ఇక్కడ ఆగుతాను. నాలుగు దీపాలున్న ఇంట్లో ఒకటి ఆరిపోతే అది కబురు కాదు. ఒక్కటే దీపమున్న ఇంట్లో రెక్క విసురు ఎంత గాలి లేపుతుందో తెలిసినవాడే ఆ సంగతి రాయగలడు. ఇది కాళిదాసు ఇవ్వగలిగింది కాదు.

అయితే ఇక్కడ ఒక చిక్కుంది. ఇంత సొంత అనుభవమున్న కవి తన కథానాయకుణ్ణి వినుకొండలో పెట్టలేదు. తంజావూరు సీమకు తీసుకెళ్ళి పెట్టాడు. వినుకొండలోనే ఒక అవధాన సభలో, తక్కువ కులంవాణ్ణి లోపలికెందుకు రానిచ్చారని కొందరు ఆయన్ను అవమానించారన్నది ప్రసిద్ధమైన సంగతే. ఆ సభనే యథాతథంగా రాసి ఉంటే మనం ఆయన పక్షాన కోపగించుకునేవాళ్ళం, మర్నాటికి మరిచిపోయేవాళ్ళం. దూరం తీసుకెళ్ళటంతో అది ఒక ఊరి తగవుగా మిగలకుండా దేశం మీది ఫిర్యాదైంది. గబ్బిలం దక్షిణాదినుంచి తెలుగునేల మీదుగా కాశీదాకా ఎగురుతుంటే, దారిపొడుగునా ఎన్ని గుళ్ళు, ఎన్ని మూసిన తలుపులు! జ్ఞాపకం పచ్చిగా ఉన్నప్పుడు గొడవ. దాన్ని కాస్త దూరంలో ఆరబెట్టగలిగితే కావ్యం.

"మరి 'ఫిరదౌసి' మాటేమిటి? ఆయన పారశీకం చూశాడా?" అని మీరడగవచ్చు. చూడలేదు. 1932 నాటి ఆ కావ్యంలో గజనీ మహమ్మదు ఉన్నాడు, షానామా రాసిన మహాకవి ఉన్నాడు, పల్నాడు లేదు. కాని కథ ఏమిటి? పద్యానికో బంగారు నాణెం ఇస్తానన్న సుల్తాను, కావ్యం పూర్తయ్యాక వెండితో సరిపెట్టబోయాడు. మాట తప్పిన గొప్పవాడి ఎదుట నిలబడ్డ పేదకవి బాధ రాయటానికి జాషువాకు పారశీకం ప్రయాణం దేనికి? లోకంలో కథలు కోకొల్లలు. వాటిలో ఈ కథనే ఆయన ఏరుకున్నాడంటే, ఏరిన చెయ్యి ఆయన జ్ఞాపకానిది. కవి జీవితంలోంచి వస్తువులే రానక్కర్లేదు; వస్తువుల్ని ఏరే జల్లెడ వచ్చినా చాలు.

ఆ జల్లెడ పనిచేయని చోట ఏమవుతుందో కూడా చెప్పుకోవాలి. విమర్శంటే హారతి పళ్ళెం కాదు కదా! నేతాజీ మీద, బాపూజీ మీద ఆయన రాసిన కావ్యాలున్నాయి. పద్యం ఎక్కడా కుంటదు, ధార ఎక్కడా తెగదు. భక్తి నిజమైనదే. అయినా అవి చదివి మూశాక నా మనసులో దేశనాయకుడి పటం మిగులుతుందే గాని, ఆముదపు దీపంలాంటిది ఒక్కటీ మిగలదు. పటానికి దండ వెయ్యవచ్చు. దానితో రాత్రిపూట మాట్లాడలేం.

ఇంకో మూలం గురించి ఎక్కువమంది చెప్పరు. మాటలు లేని సినిమాల రోజుల్లో, 1915-16 ప్రాంతంలో, జాషువా రాజమండ్రిలో తెరపక్కన నిలబడి బొమ్మకు తగ్గట్టు కథా, సంభాషణా చదివే ఉద్యోగం చేశాడు. బతుకుతెరువే, కాదనను. కాని చీకట్లో కూర్చున్న జనానికి గొంతుతోనే సమస్తం కళ్ళకు కట్టాల్సిన పని అది. ఆయన పద్యాలు కంటితో చదువుకునేవి కావు, నోటికి ఇట్టే పట్టుబడతాయి. ఆ పట్టు ఎక్కడో అక్కడ అబ్బి ఉండాలి. ఆ తెర పక్కన అబ్బిందనుకోవటం నాకిష్టం.

అందుకే నటులు ఆయన్ను అడక్కుండానే ఎత్తుకుపోయారు. బలిజేపల్లి లక్ష్మీకాంతంగారి 'సత్య హరిశ్చంద్ర' నాటకం మా పల్లెల్లో తెల్లవార్లూ ఆడేవారు. కాటిసీను రాగానే హరిశ్చంద్రుడు జాషువా 'శ్మశానవాటి' పద్యాలు ఎత్తుకునేవాడు. ఈలలు, "వన్స్ మోర్" కేకలు! నిద్రపోతున్న పిల్లల్ని కూడా ఆ పద్యాలకోసం తల్లులు తట్టిలేపేవారు. రాజూ పేదా ఒకే బూడిదయ్యే చోటు అది అని ఏడ్చినవాళ్ళలో, మర్నాడు పొద్దున్నే వేరే గ్లాసులో కాఫీ పోయించేవాళ్ళూ ఉన్నారు. కాటికాపరి వేషం వేసిన రాజు కోసం కన్నీళ్ళు వచ్చాయి. నిజంగా కాటిపని చేసే మనిషి పందిరి చివర నేలమీద కూర్చుని చూశాడు. ఊరిబయట శ్మశానం గురించి తెలిసిన కవి రాసిన పద్యం ఊరి నడుమ మారుమోగింది, కాని ఊరు దాన్ని సంగీతంగా విన్నది. పద్యం తప్పు కాదది.

అయినా పద్యం వృథా పోదు. మా పల్నాడులోనే విప్పర్ల ఉంది. 1918లో అక్కడ పుట్టిన కొండవీటి వెంకటకవి, 1977లో వచ్చిన 'దాన వీర శూర కర్ణ' సినిమాకు సంభాషణలు రాశారు. కర్ణుడి కులమడిగిన సభను సుయోధనుడు నిలదీసే ఘట్టం తెలుగువాళ్ళకు కొట్టినపిండి. కథ భారతంలోదే. కాని కులం పేరు చెప్పి మనిషిని సభలో నిలిపెయ్యటం మా సీమకు పురాణకథ కాదు. ఆ మాటలకు థియేటర్లలో పడ్డ చప్పట్లు ద్వాపరయుగానికి పడ్డవి కావు.

ఇంతా చెప్పాక ఒక ప్రమాదం మిగిలింది. "ఆ అవమానాలే జాషువాను మహాకవిని చేశాయి" అని వేదికల మీద తరచుగా వింటుంటాం. వినటానికి బాగుంటుంది. పేదరికమూ, కులభేదమూ తనకు గురువులని ఆయనే చెప్పుకున్నాడు గనుక అనేవారికి ధైర్యం కూడా ఎక్కువ. కాని దెబ్బతిన్నవాడు ఆ మాటనటం వేరు, దెబ్బకొట్టినవారి వారసులు అనటం వేరు. వాళ్ళు అంటే అది గురుదక్షిణ అడిగినట్టుంటుంది! ఆ అవమానాలు పడ్డవాళ్ళు పల్నాటి పల్లెల్లో వేలమంది. వాళ్ళందరూ కవులు కాలేదు. చాలామంది నోరెత్తకుండానే వెళ్ళిపోయారు. జాషువాను కవిని చేసింది ఆయన చెవి, ఆయన సాధన, చిన్న ప్రాణి మీద నిలిచే ఆయన చూపు. అవమానం ఆయన దగ్గర ఎంత కాలం, ఎంత శక్తి లాక్కుందో లెక్కకట్టినవాళ్ళు లేరు.

తర్వాత గౌరవాలు వచ్చాయి. చెళ్ళపిళ్ళ వెంకటశాస్త్రిగారంతటివారు ఆయన కాలికి గండపెండేరం తొడిగారు. 1964లో 'క్రీస్తు చరిత్ర'కు కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి, 1970లో పద్మభూషణ్. ఆ మర్నాటి సంవత్సరమే ఆయన కన్నుమూశాడు. ఇప్పుడు పల్నాడుకు నరసరావుపేట ముఖ్యపట్టణంగా సొంత జిల్లా ఉంది. జాషువా పేరు చెప్పుకుని మేమందరం రొమ్ము విరుచుకుంటాం.

విరుచుకోవచ్చు, తప్పులేదు. కాని 'గబ్బిలం' చేతికి తీసుకున్నప్పుడు, ఇది మేఘసందేశానికి చక్కని అనుకరణ అని మొదటి పేజీలో పెన్సిలుతో రాసుకునే అలవాటుంటే మాత్రం ఆ మాట చెరిపెయ్యండి. ఆ గబ్బిలం ఉజ్జయినిలోది కాదు. మన ఊళ్ళో, దడి అవతల, ఒకే ఒక దీపమున్న ఇంటి చూరులోది.