గాలి సరిగ్గానే ఉంది

డ్యాష్‌బోర్డు మీద టైరు గాలి తగ్గిందనే పసుపు దీపం వెలగ్గానే చాలామంది నేరుగా గాలి కొట్టించేస్తారు. పని తెలిసిన టైర్ల మెకానిక్ అలా తొందరపడడు. బండి ఎంతసేపు నడిచొచ్చిందో ముందు అడుగుతాడు. వేడెక్కిన టైరులో ఒత్తిడి పెరుగుతుంది గనక చల్లారాకే గేజీ పెడతాడు. డ్రైవరు తలుపు దగ్గరి స్టిక్కరు మీది అంకెతో నాలుగు చక్రాలనూ పోల్చుకుంటాడు. వాల్వు మీద సబ్బునీళ్లు వేసి బుడగ వస్తుందేమో చూస్తాడు. బుడగ లేదు, అంకెలు సరిపోయాయి. అసలు పనితనం ఇక్కడే మొదలవుతుంది.

కొన్ని కార్లలో చక్రం లోపల ప్రెషర్ సెన్సరే ఉండదు. గాలి తగ్గిన టైరు మిగతావాటికంటే కాస్త వేగంగా తిరుగుతుంది. అలాంటి కార్లలో ఆ తేడాను బ్రేకుల ఏబీఎస్ సెన్సర్లే పసిగడతాయి. అందుకే ఒక్క చక్రానికే కొత్త టైరు వేయించి రీసెట్ చెయ్యకపోతే, గాలి నిండుగా ఉన్నా దీపం వెలగొచ్చు. సెన్సరున్న చాలా బండ్లలో దీపం కాసేపు మిణుకుమని ఆపైన నిలకడగా వెలిగితే, అనుమానించాల్సింది సెన్సరునే. లోపలి బ్యాటరీ సాధారణంగా 5 నుంచి 10 ఏళ్లు వస్తుంది. మెకానిక్ స్కానరును ఒక్కో వాల్వు పక్కనా పెట్టి, ఏది పలకడం లేదో తేల్చుకుంటాడు. ఆ ఒక్క టైరునే విప్పుతాడు. నాలుగు సెన్సర్లూ మార్చాలని చెప్పడం ఎంత తేలికో తెలిసీ అలా చెప్పని మనిషంటే నాకెంతో గౌరవం.