రస్సెల్ సర్పగ్రంథంలో మన తెలుగు

పాముల శాస్త్రంలో తెలుగుకు చోటుందంటే చాలామంది నమ్మరు. ప్యాట్రిక్ రస్సెల్ 1796లో లండన్‌లో ప్రచురించిన కోరమాండల్ తీర సర్పాల గ్రంథం తిరగేస్తే నమ్మక తప్పదు. స్కాట్లండ్‌కు చెందిన ఈ వైద్యుడు అలెప్పోలో చాలా ఏళ్లు పనిచేసి, 1780ల్లో విశాఖపట్నం వచ్చాడు. 1785లో ఈస్టిండియా కంపెనీకి ప్రకృతి శాస్త్రజ్ఞుడయ్యాడు. ఏది విషసర్పమో ఏది కాదో సామాన్యుడు గుర్తుపట్టే దారి చూపాలన్నది ఆయన పట్టుదల. కోళ్ల మీద, కుక్కల మీద విషాన్ని పరీక్షించాడు. పాముకాటుకు పేరుపడ్డ తంజావూరు మాత్రనూ వదిలిపెట్టలేదు.

ఈ గ్రంథానికి అసలు అందం వాడుక పేర్లలో ఉంది. లాటిన్ జంటపేర్ల బదులు బంగారం పాము, కాటుక రేకుల పొడ, గేది పరగూడు వంటివి కనిపిస్తాయి. కాటుక రేకుల పొడ అంటే మన రక్తపింజర. పొడ అంటే మచ్చ. రేకుల్లాంటి మచ్చలు, వాటికి కాటుక అంచు. మూడు మాటల్లో పాము వీపంతా కళ్లకు కట్టింది. ఇది వర్ణన కోసం రాసిన కవిత్వం కాదు, ప్రాణం కాపాడుకోవడానికి పెట్టుకున్న గుర్తు.

అయితే శాస్త్రం లెక్క వేరు. లాటిన్‌లో జంటపేరు పెట్టినవాడికే అక్కడ ఘనత. మన్సూర్‌కోటలో దొరికిన బంగారం పాముకు, రస్సెల్ బొమ్మ ఆధారంగా, 1801లో జర్మన్ పండితుడు ష్నైడర్ ‘ఫాసియాటా’ అని పేరు పెట్టాడు. 1803లో ఫ్రెంచి పండితుడు డోడాన్ మన ‘బంగారం’ మాటనే ‘బంగారస్’ చేసి ఒక ప్రజాతికి పెట్టాడు. పసుపు పట్టీల పాము పేరు అలా కట్లపాములన్నిటికీ ఇంటిపేరైంది. ఒంటిమీద పసుపు చుక్క లేని మామూలు కట్లపాము కూడా నేడు బంగారస్సే! జమచేసినవారొకరు, ఖాతా మరొకరి పేర. రస్సెల్‌కు రక్తపింజర పేరులోనైనా చోటు దక్కింది. 1797లో షా పెట్టాడు. పేర్లు చెప్పిన మనవాళ్లకు అదీ లేదు.

గ్రంథంలో పెద్ద లోపం ఇంగ్లీషు వర్ణక్రమం. ‘గేది’ అన్నది గేదియా, గెడ్డియా? ‘పరగూడు’లో దీర్ఘం నిజమేనా? అక్షరాలు చూసి తేల్చలేం. సొంత పేర్లను కన్నడ, తమిళ, ఒడియా లిపుల్లో చూసుకునే మనకు ఈ చిక్కు కొత్త కాదు.

మన్సూర్‌కోట ఎక్కడో కాదు, బరంపురానికి దగ్గర, నేటి గోపాల్‌పూర్ ప్రాంతమే. గంజాం తెలుగు పల్లెల్లో వృద్ధుల నోట ఇలాంటి పేర్లు వినబడితే, రస్సెల్ ఇంగ్లీషు అక్షరాలను వాటితో సరిపోల్చవచ్చు. ఆ పని బయటి పండితులకంటే అక్కడి తెలుగు పాఠకులకే సులువు. ఉచ్చారణ విన్నది విన్నట్టు, ఊరి పేరుతో సహా, తెలుగు లిపిలో రాసి ఉంచండి. పేరు అడిగితే చాలు, పాము జోలికి పోనక్కరలేదు.