కృతి బతికిన చోటు: వెల్చేరు నారాయణరావు విమర్శ పద్ధతి

ఆధునిక తెలుగు సాహిత్య విమర్శకు ప్రధానంగా రెండు వైపుల నుంచి కొలతలు అందాయి. రసం, ధ్వని, వక్రోక్తి వంటి భావనలను సంస్కృత అలంకారశాస్త్రం ఇచ్చింది. భావనాశక్తి, కథైక్యం, పాత్రచిత్రణ వంటి ప్రమాణాలు ఇంగ్లీషు చదువుతో వచ్చి, 1914లో వెలువడిన కట్టమంచి రామలింగారెడ్డి ‘కవిత్వతత్త్వ విచారము’తో బలపడ్డాయి. ఈ రెండింటి వల్లా తెలుగు విమర్శ ఎంతో లాభపడింది గాని, రెండింటిలోనూ కొలత ముందే సిద్ధమై ఉంటుంది, కావ్యం ఆ తరవాత దాని ముందుకు వస్తుంది. ఆచార్య వెల్చేరు నారాయణరావు దశాబ్దాల తరబడి సాగించిన కృషి ఈ వరుసను తిరగవేసింది. ఒక కృతిని ఏ సమాజం చెప్పుకుందో, విన్నదో, కంఠస్థం చేసిందో ఆ సమాజపు పఠన పద్ధతిని ముందు తెలుసుకొని, ఆ కృతికి తగిన కొలతను అక్కడి నుంచే తీసుకోవాలన్నది ఆయన విమర్శకు మూలసూత్రం.

1932లో శ్రీకాకుళం జిల్లా అంబఖండిలో జన్మించిన నారాయణరావు ఏలూరు ప్రాంతంలో పెరిగి, అక్కడి సర్ సి.ఆర్.రెడ్డి కళాశాలలో అధ్యాపకులుగా పనిచేసి, 1971లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో చేరి, దాదాపు నాలుగు దశాబ్దాలు అక్కడ బోధించి, కృష్ణదేవరాయల పేరిట ఏర్పడిన ఆచార్య పదవిని నిర్వహించారు. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి సమర్పించిన ఆయన సిద్ధాంత గ్రంథం ‘తెలుగులో కవితా విప్లవాల స్వరూపం’ 1978లో పుస్తకంగా వచ్చింది. కవిత్వంలో వచ్చే పెద్ద మార్పులను కవుల వ్యక్తిగత ప్రతిభతోనో ఛందస్సులో వచ్చిన తేడాలతోనో మాత్రమే వివరించకుండా, కవికీ శ్రోతకూ సమాజానికీ నడుమ ఉన్న సంబంధం మారినప్పుడు కవిత్వం రూపమే మారుతుందని ఆ గ్రంథం పరిశీలించింది.

ఈ దృష్టి పురాణ కవిత్వాన్ని చదివే తీరును మార్చివేస్తుంది. నన్నయ, తిక్కనల భారతం వంటి కృతులను సభలో పౌరాణికుడు ఒక్కొక్క పద్యమే రాగయుక్తంగా చదివి, అన్వయం చెప్పి, సందర్భాన్ని బట్టి విస్తరించేవాడు. పద్యానికీ పద్యానికీ నడుమ ఆయన వ్యాఖ్యానమే కథను నడిపించేది. కాబట్టి తాటాకు మీద ఉన్న పాఠం ఆ కృతిలో ఒక భాగమే గాని సంపూర్ణ రూపం కాదు. దీన్ని గుర్తించిన పాఠకుడికి పునరుక్తులు, సంబోధనలు, కథ నిలిచిపోయే చోట్లు లోపాలుగా కనిపించవు, సభకు అవసరమైన ఏర్పాట్లుగా కనిపిస్తాయి.

చాటుపద్యాల విషయంలో ఈ పద్ధతి మరింత ఫలించింది. చాటువు అంటే ఏ కావ్యంలోనూ భాగం కాకుండా, పండితుల, రసికుల నోళ్లలో, తరచు ఒక కవి కథతో కలిసి తిరిగే విడి పద్యం. వేటూరి ప్రభాకరశాస్త్రి ‘చాటుపద్య మణిమంజరి’గా కూర్చిన ఈ సంపదను చరిత్రకారులు ఆధారం లేని కట్టుకథలుగా పక్కన పెట్టారు, ఎందుకంటే ఆ కథలు వేరువేరు కాలాల కవులను కృష్ణదేవరాయల భువనవిజయ సభలో ఒక్కచోట కూర్చోబెడతాయి. డేవిడ్ షుల్మన్‌తో కలిసి 1998లో ప్రచురించిన ‘ఎ పొయెమ్ ఎట్ ది రైట్ మొమెంట్’ గ్రంథంలో నారాయణరావు వీటిని ఒక సమాజం తన సాహిత్యం మీద తానే చేసుకున్న విమర్శగా చదివారు. కవులు ఎదురెదురుగా కూర్చుని ఒకరి పద్యానికి మరొకరు బదులు చెప్పే కథలో, ఒకరి శైలి మరొకరి శైలికి ఎలా భిన్నమో, ఏ పద్యం ఎందుకు గొప్పదో చెప్పే తీర్పులు ఉన్నాయి. సాహిత్యశాస్త్ర గ్రంథాలు తెలుగు కవుల గురించి చెప్పని మాటలను చాటుకథలు చెప్పాయి.

స్త్రీల రామాయణపు పాటల మీద ఆయన 1991లో ప్రచురించిన వ్యాసం ఇదే సూత్రాన్ని ఇంటి లోపలికి తీసుకువెళ్లింది. స్త్రీలు తమలో తాము పాడుకునే ఆ పాటల్లో యుద్ధానికి ప్రాధాన్యం తగ్గి, కౌసల్య వేవిళ్లు, రాముడి అక్క శాంత అధికారం, ఊర్మిళ పద్నాలుగేళ్ల నిద్ర ముందుకు వస్తాయి. వీటిని వాల్మీకి రామాయణానికి చిన్న చిన్న అనుబంధాలుగా చూసినంతకాలం వాటి గొంతు వినిపించదు. ఉమ్మడి కుటుంబంలో తమ స్థితిని తామే పరిశీలించుకున్న స్త్రీల స్వతంత్ర రామాయణంగా చదివినప్పుడే వాటి పదును తెలుస్తుంది.

దక్షిణ భారతంలో బ్రిటిషువారి రాకకు ముందు చరిత్ర రచన లేదన్న వాదాన్ని 2001లో షుల్మన్, సంజయ్ సుబ్రహ్మణ్యంలతో కలిసి రాసిన ‘టెక్స్చర్స్ ఆఫ్ టైమ్’ ఎదుర్కొంది. ఆ గ్రంథం ప్రకారం దక్షిణ భారతంలో చరిత్రకు ప్రత్యేకమైన ఒకే ప్రక్రియ లేదు. ఆయా కాలాల్లో ఆయా సమాజాలకు ప్రధానమైన ప్రక్రియలోనే, అది కావ్యమైనా కథాగేయమైనా కరణాలు రాసిన వచనమైనా, చరిత్ర రాయబడింది. వాక్య నిర్మాణం, వివరాల ఎంపిక, కారణాలను చెప్పే తీరు కలిసి ఏర్పడే రచన అల్లికను బట్టి ఆ సమాజపు పాఠకులు ఏది చరిత్రో ఏది కల్పనో పోల్చుకునేవారు. 1757 నాటి బొబ్బిలి యుద్ధం పాటగానూ కావ్యంగానూ నిలవడాన్ని ఈ గ్రంథం ఆ దృష్టితోనే పరిశీలించింది.

ఆయన అనువాదాలు కూడా విమర్శలో భాగమే. పాల్కురికి సోమనాథుడి బసవపురాణం, ధూర్జటి కాళహస్తీశ్వర శతకం, క్షేత్రయ్య పదాలు, పింగళి సూరన కళాపూర్ణోదయం సహరచయితలతో కలిసి చేసిన ఆయన అనువాదాల ద్వారా ప్రపంచ పాఠకులకు అందాయి. వాటికి తోడుగా రాసిన విపులమైన వ్యాసాలు ఆ కృతులను ఎలా చదవాలో చెప్పాయి. క్షేత్రయ్య పదాల్లో వేశ్య మాట్లాడే శృంగారాన్ని జీవాత్మ పరమాత్మల సంకేతంగా మార్చి సమర్థించే అలవాటును పక్కనబెట్టి, దేవుడే విటుడిగా వచ్చే ఆ లోకాన్ని దాని పద్ధతిలోనే స్వీకరించమని ఆయన కోరారు. 2007లో వెలువడిన ‘కన్యాశుల్కం’ అనువాదానికి చేర్చిన వ్యాసం, గురజాడ నాటకాన్ని సంఘసంస్కరణ ప్రచారంగా చదివే సంప్రదాయాన్ని ప్రశ్నించి, సంస్కర్తల చూపుకు అందని ఒక సజీవ సమాజం అందులో ఉందని వాదించింది.

ఈ నిర్ణయాలన్నీ అందరికీ సమ్మతం కావు. ఆధునికత వలస పాలనకు ముందే, 16వ శతాబ్ది నుంచే తెలుగులో మొలకెత్తిందన్న ఆయన ప్రతిపాదన, గురజాడ మీది ఆయన అభిప్రాయాలు తీవ్రమైన చర్చకు దారితీశాయి. అయితే ఆ చర్చ కూడా ఆయన వేసిన ప్రశ్నల మీదనే సాగుతోందన్నది ఆ కృషి విలువకు నిదర్శనం. కేంద్ర సాహిత్య అకాడమీ 2021లో ఆయనను గౌరవ ఫెలోగా ఎన్నుకున్నది. ఆ గౌరవానికి నిజమైన కొనసాగింపు మాత్రం తెలుగునాట జరగవలసి ఉంది. గ్రంథాలయాలు పాఠాలను భద్రపరచగలవు గాని, పురాణం చెప్పే తీరునూ పాట పాడుకునే సందర్భాన్నీ చాటువు వెనక కథనూ భద్రపరచలేవు. ఇవి తెలిసినవారు ఇంకా ఉన్న కాలంలోనే వారి దగ్గర విని నమోదు చేయడాన్ని విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలు మొదటి బాధ్యతగా స్వీకరించాలి, ఎందుకంటే చదివే పద్ధతి పోయిన తరవాత మిగిలే కావ్యం సగం కావ్యమే.