లెక్క తప్పని కల్పన

ఆర్థర్ సి. క్లార్క్ ఒక నవల కోసం శ్రీలంకనే పక్కకు జరిపారు. 1979లో వచ్చిన ‘ది ఫౌంటెన్స్ ఆఫ్ ప్యారడైజ్’ భూమి నుంచి అంతరిక్షానికి లిఫ్ట్ కట్టే ఇంజనీరు కథ. ఆ లిఫ్ట్ తీగ దిగాల్సింది భూస్థిర కక్ష్య నుంచి. దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఉండే ఆ కక్ష్యలో ఉపగ్రహం భూమితో పాటే తిరుగుతుంది కాబట్టి, మనకు ఒకేచోట నిలిచినట్టు కనిపిస్తుంది. అయితే అది సరిగ్గా భూమధ్యరేఖకు పైనే ఉండాలి. ఆ లిఫ్ట్ కోసం క్లార్క్ మనసుపడ్డ శ్రీలంకలోని శ్రీపాద శిఖరమేమో దాదాపు 6.8 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. డిగ్రీకి 111 కిలోమీటర్ల చొప్పున చూసినా 750 కిలోమీటర్ల తేడా! అందుకే ఆయన ఆ దీవికి తాప్రొబేన్ అనే పాత పేరు పెట్టి, దాదాపు 800 కిలోమీటర్లు దక్షిణానికి దించేశారు. ఆ సంగతి పాఠకుడికి దాచకుండా చెప్పారు కూడా. దీవిని కదిపారు గానీ గురుత్వాకర్షణ జోలికి పోలేదు. ఆయన రచనా పద్ధతికి ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు.

కల్పన మనకు కొత్తేమీ కాదు. ‘పాతాళభైరవి’లో తోటరాముడు ప్రతిమను అడిగితే చాలు, కోరింది ప్రత్యక్షమవుతుంది. ఎలా వచ్చిందని మనం అడగం. ఆ ఆనందం వేరు. సైన్స్ ఫిక్షన్‌లో పాఠకుడికీ రచయితకూ మధ్య ఉండే ఒప్పందం వేరు. రచయిత ఒకటో రెండో కొత్త సంగతులు నమ్మమంటాడు. ఆ తర్వాత జరిగేదంతా ప్రకృతి నియమాలకు లోబడే జరగాలి. ఈ ఒప్పందాన్ని పట్టుదలగా పాటించే శాఖకు ‘హార్డ్ సైన్స్ ఫిక్షన్’ అని పేరు. దాని పెద్దల్లో ఒకరు క్లార్క్.

1917 డిసెంబర్ 16న ఇంగ్లండ్‌లోని మైన్‌హెడ్‌లో పుట్టిన ఆయనకు ఈ క్రమశిక్షణ ఉద్యోగంలోనే అలవడింది. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వైమానిక దళంలో చేరి, కళ్లకు దారి కనపడని వాతావరణంలో విమానాలను రాడార్ సాయంతో నేలకు దించే వ్యవస్థ మీద పనిచేశారు. 1945 అక్టోబరులో ‘వైర్‌లెస్ వరల్డ్’ పత్రికలో ఒక వ్యాసం రాశారు. భూస్థిర కక్ష్యలో మూడు కేంద్రాలు నిలిపితే ప్రపంచమంతటికీ ప్రసారాలు అందించవచ్చని అందులో లెక్కలతో చూపించారు. మొదటి ఉపగ్రహం స్పుత్నిక్ ఎగరడానికి అప్పటికి ఇంకా పన్నెండేళ్లుంది. ఇప్పుడు ఆ కక్ష్యను క్లార్క్ కక్ష్య అని కూడా అంటారు.

1953లో ‘చైల్డ్‌హుడ్స్ ఎండ్’ నవలతో రచయితగా నిలదొక్కుకున్నారు. సముద్రంలో డైవింగ్ మీద మోజుతో 1956లో సిలోన్ (ఇప్పటి శ్రీలంక) చేరి, 2008లో కన్నుమూసేదాకా అక్కడే ఉండిపోయారు. 1968లో దర్శకుడు స్టాన్లీ కుబ్రిక్‌తో కలిసి పనిచేసిన ‘2001: ఎ స్పేస్ ఒడిస్సీ’ ఆయన పేరును సినిమా ప్రేక్షకులకూ చేర్చింది.

ఆయన పనితనం దగ్గరగా చూడాలంటే 1973 నాటి ‘రాండెవూ విత్ రామా’ తెరవాలి. 2131లో సౌరకుటుంబంలోకి ఒక వింత వస్తువు దూసుకొస్తుంది. గ్రీకు, రోమన్ దేవతల పేర్లు అప్పటికే అయిపోవడంతో ఖగోళ శాస్త్రవేత్తలు మన రాముడి పేరు పెడతారు. తీరా చూస్తే అది 50 కిలోమీటర్ల పొడవు, 20 కిలోమీటర్ల వ్యాసం ఉన్న బోలు స్తంభం. నాలుగు నిమిషాలకోసారి తన చుట్టూ తాను తిరుగుతుంటుంది. ఆ తిరుగుడు వల్లే లోపలి గోడ నేలవుతుంది. నడిమధ్యన అడుగుపెట్టిన వ్యోమగాములకు బరువే ఉండదు. మెట్లు దిగేకొద్దీ ఒంటికి బరువొస్తుంది.

లోపల ఉంగరంలా చుట్టుకున్న సముద్రం ఒకటుంది. దాని ఉత్తరపు గట్టు 50 మీటర్ల ఎత్తు, దక్షిణపు గట్టు 500 మీటర్లు. ఎందుకింత తేడా? బస్సు ఒక్కసారిగా కదిలితే నిలబడ్డవాళ్లు వెనక్కి తూలతారు. అలాగే రామా వేగం పుంజుకుంటే నీళ్లన్నీ దక్షిణానికి ఎగదన్నుతాయి. ఆ గట్టు వాటిని ఆపడానికే. అంటే ఈ నౌకను నడిపే శక్తి దక్షిణపు కొసన ఉందన్నమాట! ఒక గోడ ఎత్తు చూసి, కనిపించని యంత్రం ఆచూకీ పట్టుకోవడం, ఆ ఆనందంలో పాఠకుడికీ వాటా ఇవ్వడం క్లార్క్‌కే చెల్లింది.

ఆయనలో లోటు లేదని కాదు. రామాలోకి వెళ్లిన వ్యోమగాముల నాయకుడు కమాండర్ నార్టన్ మనసులోకి మనం పెద్దగా వెళ్లలేం. మనుషుల మధ్య నలిగే బాధల కోసం వేరే రచయితల దగ్గరకు వెళ్లాల్సిందే. కానీ మనిషి ఈ విశ్వంలో ఎంత చిన్నవాడో, ఆ చిన్నవాడి బుద్ధి ఎంత దూరం పోగలదో ఒకేసారి చూపించడం ఆయనకు తెలుసు. రామా మన సూర్యుడి పక్కగా సాగి తన దారిన తాను పోతుంది. దాన్ని కట్టినవాళ్లు మనల్ని పలకరించను కూడా పలకరించరు.

ఈ లెక్కలు పుస్తకాల్లోనే మిగిలిపోలేదు. ఈ నవలలో గ్రహశకలాల మీద నిఘా వేసే వ్యవస్థ పేరు ‘స్పేస్‌గార్డ్’. 1992లో నాసా తన అధ్యయనానికి ఆ పేరే తీసుకుంది. ఇక 1975 ఆగస్టు 1 నుంచి ఏడాది పాటు ఇస్రో, నాసా కలిసి ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లోని 2,400 గ్రామాలకు టీవీ పాఠాలు పంపాయి. వాటిలో ఆంధ్రప్రదేశ్ పల్లెలూ ఉన్నాయి. ఆ ప్రసారాలు చూడటానికి కొలంబోలోని క్లార్క్ ఇంటి మీద ఇస్రో ఇంజనీర్లు ఒక యాంటెన్నా కూడా అమర్చారు. 1945లో కాగితం మీద వేసిన లెక్క ముప్పై ఏళ్లకు మన పల్లె రచ్చబండ దాకా వచ్చింది.

సైన్స్ అంటే మార్కుల కోసం బట్టీపట్టేది అనుకునే పిల్లలు మన ఇళ్లలో ఎందరో ఉన్నారు. వాళ్ల చేతికి క్లార్క్ నవల ఒకటివ్వండి. దాంతోపాటు ఒక పెన్సిలూ, తెల్లకాగితమూ ఇవ్వండి.