దాత లెక్క, పేదవాని మాట: ఎఫెక్టివ్ ఆల్ట్రూయిజం ఉద్యమంపై ఒక పరిశీలన

ఒక ధర్మకార్యమును విమర్శించునప్పుడు డబ్బు ఎంత వచ్చింది, ఎవరు తిన్నారు అని అడుగుట మనకు అలవాటు. నిర్ణయము ఎవరి చేతిలో ఉన్నదని అడిగేవారు తక్కువ. పాశ్చాత్య దేశాలలో ఎఫెక్టివ్ ఆల్ట్రూయిజం, అనగా ఫలితమును లెక్కించి చేసే పరోపకారము, అనే పేరుతో వ్యాపించిన ఉద్యమాన్ని ఈ ప్రశ్నతోనే పరిశీలించదలచాము.

దీని మూలాలు మన ఉపఖండాన్ని తాకుతాయి. తూర్పు బెంగాలు శరణార్థుల ఆకలిని చూచి పీటర్ సింగర్ అనే తత్త్వవేత్త రాసిన వ్యాసము 1972లో అచ్చయింది. కళ్లెదుట నీటిగుంటలో మునిగిపోతున్న బిడ్డను రక్షించడం ఎంత బాధ్యతో, దూరదేశంలో ఆకలితో చనిపోయే బిడ్డను రక్షించడమూ అంతే బాధ్యత అని ఆయన వాదన. 2009లో ఆక్స్‌ఫర్డ్‌లో టోబీ ఆర్డ్, విలియం మెకాస్కిల్ ప్రారంభించిన సంస్థలో సభ్యులు తమ ఆదాయంలో కనీసం 10 శాతం ఇస్తామని ప్రమాణం చేస్తారు. దశమభాగముపై ఏటేటా ప్రసంగించే మనము ఇది విని కొంచెం సిగ్గుపడవలసినదే.

అయితే ఆ ధనము ఎక్కడికి వెళ్లాలో ఎవరు నిర్ణయిస్తారు? ఎక్కువ భాగము కొద్దిమంది పెద్ద దాతలు, వారి నిపుణులు. 2022లో ఈ ఉద్యమానికి చెందిన ఒక సంస్థ ఆక్స్‌ఫర్డ్ సమీపంలో సుమారు 1.5 కోట్ల పౌండ్లతో ఒక పాతకాలపు భవంతిని సమావేశాల కోసం కొన్నది. సభ్యులలో చాలామందికి ఆ సంగతి కొన్న తర్వాతనే తెలిసింది. అదే ఏడు నవంబరులో ముఖ్యదాతయైన శామ్ బ్యాంక్‌మన్-ఫ్రీడ్ క్రిప్టో వ్యాపారము కుప్పకూలింది. 2024లో అతనికి 25 ఏండ్ల శిక్ష పడింది. అధికారము కొద్దిచేతులలో చేరుతున్నదని 2021లోనే కార్లా జోయ్ క్రీమర్, ల్యూక్ కెంప్ హెచ్చరించారు.

ఓట్లతో దోమతెరల విలువ తేలదు, లెక్కతోనే తేలుతుంది అని ఉద్యమస్థులు జవాబిస్తారు. ఇందులో నిజమున్నది. కాని వారి లెక్కలో ఒక అంకె ఉన్నది: ఒక ప్రాణము నిలుపుట ఎక్కువా, ఒక కుటుంబపు ఆదాయము పెంచుట ఎక్కువా? చాలాకాలము ఆ అంకెను దాతల పక్షమువారే వేశారు. 2019లో ఘనా, కెన్యా దేశాల పేదలనే అడిగినప్పుడు, ప్రాణరక్షణకు, విశేషముగా చిన్నబిడ్డల ప్రాణరక్షణకు, వారు అనుకున్నదానికంటె ఎక్కువ విలువ ఇచ్చారు. అడిగితే లెక్కయే మారిందన్నమాట! ఆ అడుగుటను మేము మెచ్చుకొంటాము. అయినను అడుగుట వేరు, తీర్మానములో పాలివ్వడం వేరు.

యెరూషలేము సంఘములో విధవరాండ్రు అనుదిన పరిచర్యలో నిర్లక్ష్యము చేయబడినప్పుడు (అపొ. కార్య. 6) అపొస్తలులు కొత్త జాబితా రాయలేదు, సమూహమునే ఎన్నుకొనుమన్నారు. ఎన్నికైన ఏడుగురివీ గ్రీకు పేర్లే. పేరును బట్టి మాత్రమే వారు ఫిర్యాదు చేసినవారి పక్షమని తీర్చి చెప్పలేము, పండ్రెండుగురిలోనూ అంద్రెయ, ఫిలిప్పు ఉన్నారు. అయినను ఏడింటికి ఏడు అనుట గమనార్హము. పౌలు చందా విషయమూ ఇటువంటిదే. బీదలను జ్ఞాపకము చేసికొనుమని మొదట అడిగినది యెరూషలేము పెద్దలు (గలతీ. 2:10). ఆ సొమ్ముతో ప్రయాణము చేసిన సహోదరుని సంఘములు ఏర్పరచుకొన్నాయి (2 కొరింథీ. 8:19), అక్కడి గ్రీకు క్రియకు చేయెత్తి ఎన్నుకొనుట అని మూలార్థము. అంతకంటె విశేషము రోమా 15:31. తాను తెచ్చేది పరిశుద్ధులకు అంగీకారమగునట్లు ప్రార్థించమని పౌలు కోరుతున్నాడు. పుచ్చుకొనువారు వద్దనగలరని అతనికి తెలుసు.

ఈ విమర్శ ఆక్స్‌ఫర్డ్ వద్దనే ఆగదు. మేము సేవచేసిన ఒక గ్రామములో స్త్రీలు మంచినీళ్ల బోరు అడిగారు, వచ్చినవి కుట్టుమిషన్లు. దాత ఫారములో ఆ గడి ఒక్కటే ఉన్నది. ఆ ఫారము నింపినది మేమే. యెరూషలేములో సైతము ఏడుగురూ పురుషులే గాని విధవరాండ్రలో ఒక్కరూ లేరు. మా ముప్పది ఏండ్ల సేవలో సహాయనిధి కమిటీలు ఎన్నో చూచాము. కాపరి, కోశాధికారి, ఇద్దరు పెద్దలు. సహాయము పొందే విధవరాలు మాత్రము ఎప్పుడూ గది బయట, వరండాలోనే కూర్చున్నది.