తియ్యని రాత్రి ఎవరిది?

మా అమ్మాయి సెలవులకి ఇంటికొచ్చిందంటే నాకు రాత్రిళ్ళు నిద్ర ఉండదు. బెంగ వల్ల కాదు, కొరియా సీరియళ్ళ వల్ల. "ఒక్క భాగం చూడమ్మా, నచ్చకపోతే లేచి వెళ్ళిపో" అంటుంది. ఒకటి చూశాక లేచేదెక్కడ? కింద ఇంగ్లీషులో పరుగెత్తే మాటల్ని గబగబా చదువుకుంటూ, పొయ్యిమీద పాలు పొంగిన సంగతి కూడా తెలియకుండా కూర్చుంటాను.

అలా ఈమధ్య చూసింది "ఇటేవాన్ క్లాస్". 2020లో వచ్చిన 16 భాగాల సీరియల్. ఫోనులో చదువుకునే బొమ్మల కథగా మొదట చో క్వాంగ్-జిన్ అనే ఆయన రాస్తే, సీరియల్‌కి కూడా ఆయనే మాటలు సమకూర్చాడు. మీలో చాలామంది చూసే ఉంటారు. చూడనివాళ్ళ కోసం కథ నాలుగు ముక్కల్లో చెప్తాను.

పార్క్ సెరోయి అనే కుర్రవాడు కొత్త బళ్ళో చేరిన మొదటిరోజే, తోటి పిల్లవాణ్ణి ఏడిపిస్తున్న ఒక డబ్బున్నవాడి కొడుకుని కొడతాడు. మోకాళ్ళమీద కూర్చుని క్షమాపణ అడగమంటే అడగడు. బళ్ళోంచి వెళ్ళగొడతారు. తండ్రి ఆ డబ్బున్నవాడి కంపెనీలోనే ఉద్యోగి; కొడుకు చేసింది తప్పు కాదని ఆయనా ఉద్యోగం వదిలేస్తాడు. కొంతకాలానికి ఆ తండ్రి కారు కింద పడి చనిపోతాడు. నడిపినవాడు ఆ డబ్బున్నవాడి కొడుకే. సెరోయి వాణ్ణి చావబాది మూడేళ్ళు జైలుకి వెళ్తాడు. బయటికొచ్చి, ఏడేళ్ళు చెమటోడ్చి, సియోల్‌లో ఇటేవాన్ అనే వీధిలో చిన్న తాగుడు కొట్టు పెట్టి, ఆ పెద్ద కంపెనీతోనే తలపడతాడు. కొట్టుకి పెట్టుకున్న పేరు "డన్‌బమ్". అంటే తియ్యని రాత్రి.

జైలునుంచి వచ్చిన సెరోయి మొదటిసారి ఇటేవాన్ చూసే దృశ్యం ఒకటుంది. ఆ రాత్రి హాలోవీన్. రంగుదీపాలు, దెయ్యాల వేషాలు, నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ కొరియావాళ్ళూ అందరూ భుజాలు రాసుకుంటూ నవ్వుతూ తిరుగుతుంటారు. ఇన్నాళ్ళూ గోడలమధ్య ఉన్న కుర్రాడు లోకమంతా ఒక్క వీధిలోకి వచ్చినట్టు కళ్ళు విప్పార్చుకుని చూస్తాడు. ఇక్కడే కొట్టు పెడతానంటాడు.

నేను చటుక్కున లేచి నిలబడ్డాను.

"ఏమైందమ్మా?"

"కాసేపు ఆపవే."

ఎందుకో మీకు గుర్తొచ్చే ఉంటుంది. 2022 అక్టోబరు 29న, ఇటేవాన్‌లోనే, హాలోవీన్‌కి వచ్చిన జనం ఒక సందులో ఒకరిమీద ఒకరు పడి నలిగిపోయారు. 159 ప్రాణాలు పోయాయి. సగానికి పైగా ఆడపిల్లలు. ఆ వార్త టీవీలో చూస్తూ నేనన్న మాట నాకింకా గుర్తుంది. "అసలు ఆ వేళప్పుడు ఆ బార్ల వీధికి ఎందుకెళ్ళాలి వీళ్ళు?"

ఆ మాట సంగతి తర్వాత చెప్తాను. ముందు ఈ వీధి సంగతి. ఎందుకంటే సీరియల్ పేరులో ఆ వీధి ఉంది గాని, దాని కథ మాత్రం సీరియల్‌లో సగమే ఉంది.

"వాన్" అంటే పూర్వం బాటసారులకు కట్టిన సత్రం. అంటే ఇటేవాన్ పుట్టుకలోనే పరాయివాడికి చోటుంది. 1592లో జపాన్ దండెత్తి వచ్చినప్పుడు సైనికుల బారినపడ్డ స్త్రీలూ, వాళ్ళకి పుట్టిన బిడ్డలూ ఇక్కడే తలదాచుకున్నారని అక్కడివాళ్ళు ఒక కథ చెప్పుకుంటారు. నిజమో కాదో గాని, ఇల్లు వెలేసినవాళ్ళకి ఆ వీధి చోటిచ్చిందన్న మాట అందులో ఉంది.

తర్వాత పక్కనే యోంగ్సాన్‌లో జపాన్ సైన్యం మకాం పెట్టింది. 1945లో వాళ్ళు పోయి అమెరికన్లు వచ్చారు. యుద్ధం ముగిశాక ఆ స్థావరం అక్కడే పాతుకుపోయింది. సైనికుల కోసం బార్లు వెలిశాయి, వాళ్ళ కొలతలకి కోట్లు కుట్టే దర్జీలు వచ్చారు, తోలుసామాన్ల దుకాణాలు వచ్చాయి. 1976లో కొండమీద మసీదు కట్టారు, దానిచుట్టూ ముస్లిం దేశాలవాళ్ళ భోజనశాలలు, కిరాణా కొట్లు వెలిశాయి. సామాన్య కొరియా కుటుంబాలు మాత్రం అటువైపు చూసేవి కావు. "ఇటేవాన్‌లో తిరుగుతోందట" అంటే ఆడపిల్లకి అది మంచి మాట కాదు.

అమెరికన్ స్థావరాల చుట్టూ బార్లలో బతికిన ఆడవాళ్ళ సంగతి మరీ అన్యాయం. డాలర్లు తెస్తున్నారని వాళ్ళని పొగిడింది ప్రభుత్వమే. వాళ్ళ పక్కన నిలబడటానికి మాత్రం ఇరుగుపొరుగు ఒప్పుకోలేదు. ఆ వ్యాపారాన్ని ప్రోత్సహించిన బాధ్యత ప్రభుత్వానిదేనని, ఆ స్త్రీలకి నష్టపరిహారం ఇవ్వాలని కొరియా సుప్రీంకోర్టు 2022 సెప్టెంబరులో తీర్పు చెప్పింది. అప్పటికి వాళ్ళు ముసలివాళ్ళయిపోయారు.

మరి ఊరివాళ్ళు ఈ వీధిని ఎప్పుడు కనిపెట్టారు? కనిపెట్టడమంటే నాకు నవ్వొస్తుంది. మా మేడమీద వాటాలో ఒకావిడ చాలా ఏళ్ళు అద్దెకుండేది. కుండీలు తెచ్చి, సన్నజాజి పందిరి వేసి, సాయంత్రం కూర్చోడానికి చాప పరిచేది. అన్నాళ్ళూ మా ఇంట్లోవాళ్ళకి పైకెక్కితే కాళ్ళనొప్పులు. పందిరి నిండా పూలు పూశాక మాత్రం "అబ్బ, పైన గాలి ఎంత బాగుంది!" అని అందరూ కనిపెట్టేశారు. ఏడాది తిరక్కుండా ఆవిడకి అద్దె పెరిగింది. ఆవిడ వెళ్ళిపోయింది. సన్నజాజి ఎండిపోయింది, నీళ్ళుపోసే దిక్కులేక.

ఇటేవాన్ కథా అంతే. అర్ధరాత్రి కర్ఫ్యూ 1982 జనవరిలో ఎత్తేశారు. రాత్రి అనేది ఊరందరికీ దక్కింది. 1988 ఒలింపిక్స్‌కి లోకమంతా వచ్చింది. 1997లో ఆ వీధిని ప్రత్యేక పర్యాటక ప్రాంతంగా ప్రకటించారు. విదేశాల్లో చదివొచ్చిన కొరియా పిల్లలు అక్కడ తిన్న రుచుల కోసం, ఎవరూ గుచ్చిగుచ్చి చూడని చోటు కోసం అటు వెళ్ళడం మొదలుపెట్టారు. తాను స్వలింగప్రియుణ్ణని 2000లో బాహాటంగా చెప్పి, చేతిలో ఉన్న టీవీ పనులన్నీ పోగొట్టుకున్న నటుడు హాంగ్ సక్-చన్ హోటళ్ళు పెట్టుకుని నిలదొక్కుకున్నది ఇక్కడే. మిగతా సియోల్ తలుపు మూస్తే ఇటేవాన్ తీసింది.

తర్వాత జనం వరద కట్టారు. పక్కనున్న క్యుంగ్నిదాన్ వీధికి, ఆర్మీ లెక్కల ఆఫీసు ఉండటం వల్ల వచ్చిన పేరది, చిన్న చిన్న కాఫీ కొట్లతో ఎంత పేరొచ్చిందంటే, కొరియాలో ఇంకో ఊళ్ళో వీధికి కూడా ఆ తోకే తగిలించుకున్నారు. సియోల్‌లో మాంగ్నిదాన్, సోంగ్నిదాన్. క్యోంగ్జు పట్నంలో హ్వాంగ్నిదాన్. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడం అన్ని దేశాల్లోనూ ఉందన్నమాట! అసలు చెట్టు మాత్రం ఎండిపోయింది. అద్దెలు భరించలేక మొదట వచ్చినవాళ్ళు వెళ్ళిపోయారు, కొట్లకి తాళాలు పడ్డాయి. అమెరికన్ సేనల ముఖ్య కార్యాలయం 2018లో ప్యోంగ్‌తేక్ ఊరికి తరలిపోయింది. ఆ హాంగ్ సక్-చన్ కూడా 2020లో ఇటేవాన్‌లోని తన ఆఖరి హోటల్ మూసేశాడు.

ఇప్పుడు మళ్ళీ సీరియల్‌కి వద్దాం.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి. పార్క్ సో-జున్ సెరోయిగా బాగా చేశాడు. తలవంచనివాడు ఎలా ఉంటాడో, మాటల్లోకన్నా ఆ నిలబడే తీరులో చూపించాడు. కొట్టు నడిపే జో యిసో అనే పిల్ల, పొగరూ తెలివీ కలిసిన పిల్ల, మన సీరియళ్ళలో కళ్ళనీళ్ళు కుక్కుకునే కోడళ్ళని చూసి విసిగిన ప్రాణానికి వేసవిలో మజ్జిగలా ఉంది. వంటచేసే మా హ్యోని మగపుట్టుక పుట్టి ఆడదైన మనిషి. టోనీ తండ్రి కొరియావాడు, తల్లి ఆఫ్రికాలో గినీ దేశస్థురాలు. వీళ్ళందర్నీ ఒక వంటింట్లో చేర్చి, జాలి చూపించకుండా పని చేయించిన రచయితని మెచ్చుకోవాలి.

అన్నిటికన్నా నాకు గుర్తుండిపోయింది ఒక చిన్న ఘట్టం. అందరూ సరదాగా క్లబ్బుకి వెళ్తే, టోనీని ఒక్కణ్ణి గుమ్మంలో ఆపేస్తారు, ఒంటి రంగు చూసి. ఏ పరదేశీయుల వల్ల ఆ వీధి వీధి అయిందో, ఆ పరదేశీ ముఖాన్నే ఇప్పుడు బయట నిలబెట్టారు. ఏరు దాటి తెప్ప తగలెయ్యడం అంటే ఇదే. రచయిత ఇక్కడ నిజాన్ని చేత్తో ముట్టుకున్నాడు. ముట్టుకుని, చెయ్యి వెనక్కి తీసేసుకున్నాడు! అదే నా ఫిర్యాదు.

ఎందుకంటారా? పగవాడు డన్‌బమ్ ఉన్న భవనాన్నే కొనేసి, వీళ్ళని ఖాళీ చెయ్యమంటాడు. ఇటేవాన్‌లో ఎంతోమంది చిన్న వ్యాపారులు గుండె చిక్కబట్టుకునే ఘట్టం ఇది. మరి మన కథానాయకుడు ఏం చేస్తాడు? దాచుకున్న పెట్టుబడి తీసి, తనే ఇంకోచోట భవనం కొంటాడు! చుట్టుపక్కల కొట్లవాళ్ళకి సాయం చేస్తాడు, వీధి బాగుంటేనే మనమూ బాగుంటామంటాడు. మంచి మాటే. కాని భవనం కొనలేని దర్జీ ఏం చెయ్యాలి? అద్దె పెంచితే ఆ బార్లలో ముసలిదైపోయిన ఆడమనిషి ఎక్కడికి పోవాలి? వాళ్ళలో ఒక్కరికీ ముఖ్యపాత్ర లేదు. సీరియల్ చివరిదాకా అడిగే ప్రశ్న ఒక్కటే: పెద్ద కంపెనీని ఎవరు కొడతారు, ఎవరు మొదటి స్థానంలోకి వస్తారు? ఈ వీధి ఎవరిది అని ఒక్కసారైనా అడగదు. వీధి అతనికి ఎక్కి దాటే మెట్టయింది, అంతే.

నేనిదంతా చెప్తే మా అమ్మాయి, "సీరియల్లో అవన్నీ ఎక్కడ పెడతారమ్మా?" అంది. పెట్టనక్కర్లేదు. కాని ఆ ప్రశ్న అడగకపోతే ఏమవుతుందో 2022 చెప్పింది.

ఆ సందు వెడల్పు ఎక్కడైతే తక్కువో అక్కడ 3.2 మీటర్లు. ఆ రాత్రి ఇటేవాన్‌కి వచ్చినవాళ్ళు లక్షమందికి పైనే. జనం నలిగింది రాత్రి 10 గంటల పదిహేను ప్రాంతంలో. కాని "నలిగిపోయేలా ఉన్నాం, రండి" అని పోలీసులకి మొదటి ఫోను వెళ్ళింది సాయంత్రం 6 గంటల 34 నిమిషాలకి. ఆ తర్వాత ఇంకా పది ఫోన్లు. అధికారులు చెప్పుకున్న సమాధానం ఏమిటంటే, ఆ పండగకి నిర్వాహకులంటూ ఎవరూ లేరట. అవును మరి! ఒకప్పుడు విదేశీయులు తమలో తాము చేసుకున్న వేడుక అది. కొరియా కుర్రకారు దాన్ని సొంతం చేసుకుని ఏళ్ళు గడిచాయి. ఆనందించడానికి వీధి అందరిదీ అయింది. కాపాడటానికి వచ్చేసరికి ఎవరిదీ కాలేదు.

పోయిన పిల్లలమీద పడ్డ మాట కూడా పాతదే. "అక్కడికెందుకెళ్ళారు?" వీధి మారింది, దీపాలు మారాయి, ఆ వీధికి వెళ్ళేవాళ్ళమీద వేసే నింద మారలేదు. వేల మైళ్ళ దూరంలో, సోఫాలో కూర్చుని నేనూ అదే అన్నాను.

ఆరోజు మా అమ్మాయి ఏమందో తెలుసా? "2015లో రాజమండ్రి పుష్కరాల రేవులో తొక్కిసలాట జరిగినప్పుడు, పోయినవాళ్ళని ఎందుకెళ్ళారని అడిగావా అమ్మా?"

అడగలేదు. ఏర్పాట్లు చేసినవాళ్ళనే తిట్టాను. గోదావరికెళ్ళిన ముత్తయిదువకి ఒక న్యాయం, శనివారం స్నేహితురాళ్ళతో నవ్వుకోడానికెళ్ళిన ఆడపిల్లకి ఇంకో న్యాయం నా నోట్లోనే ఉన్నాయని అప్పుడు తెలిసింది.

ఆ పిల్లల తల్లిదండ్రులు రోడ్డుమీద నిలబడి అడగ్గా అడగ్గా, విచారణకి 2024లో ప్రత్యేక చట్టం వచ్చింది. ఆ సందుకి 2023లో "జ్ఞాపకం, భద్రతల వీధి" అని పలక పెట్టారు. ఇన్నాళ్ళకి ఆ వీధిని మాదని అన్నవాళ్ళెవరంటే, బిడ్డల్ని అక్కడ పోగొట్టుకున్నవాళ్ళు.

"ఇటేవాన్ క్లాస్" చూడొద్దని నేననను. చూడండి, పిల్లలతో కలిసి చూడండి. సెరోయి పట్టుదలకి చప్పట్లు కొట్టండి. కాని టోనీని గుమ్మంలో ఆపినచోట ఒక్క నిమిషం మీరూ ఆగండి. అసలు కథ అక్కడుంది.

మొన్న శనివారం సాయంత్రం మా అమ్మాయి చెప్పులేసుకుంటుంటే "ఎందుకే ఇప్పుడు?" అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

"ఎవరెవరు వెళ్తున్నారు? తిరిగి ఎలా వస్తారు?" అన్నాను.

చెప్పింది. వెళ్ళింది. తలుపు గడియ పెట్టకుండా దగ్గరగా వేసి, పాలు పొయ్యిమీద పెట్టుకుని కూర్చున్నాను.