వెనక చక్రం కుదరాలి

తెనాలి నుంచి రేపల్లెకు రైలు మార్గం 1916లో పడింది. ఆ పట్టాల వెంట ఎంత దూరం పోయినా మిట్ట అన్నది కనిపించదు. కృష్ణా పడమటి డెల్టా అంతా ఇంతే. కాలవ మీది వంతెనో, రైల్వే గేటు బదులు కట్టిన ఫ్లైఓవరో తప్ప సైకిల్‌వాడు సీటు మీంచి లేచి తొక్కాల్సిన చోటు లేదు. అలాంటి నేల మీదికి పద్దెనిమిది గేర్ల మౌంటెన్ బైకులు వచ్చిపడ్డాయి. పేరుకు కొండ సైకిలు, తిరిగేది వరిచేల మధ్య. పిల్లలు ముచ్చటపడ్డారు, పెద్దవాళ్లు కొనిపెట్టారు.

గేర్లు మాత్రం ఈ ఊళ్లకు అలవాటు పడలేదు. బాపట్ల దాటి సూర్యలంక వైపు, రేపల్లె దాటి నిజాంపట్నం వైపు వీచేది ఉప్పుగాలి. గేరు వైరు తొడుగు లోపలే తుప్పు పట్టి బిగుసుకుపోతుంది. వెనక చక్రం పక్కన వేలాడుతూ చైనును ఒక పళ్ల చక్రం నుంచి ఇంకోదానికి మార్చే డిరైలర్‌కు రేగడి బురద, ఎండుగడ్డి చుట్టుకుంటాయి. సైకిలు ఒకసారి కుడివైపు పడిందంటే అది లోపలికి వంగుతుంది. ఏదో ఒకనాడు స్పోకుల్లో చిక్కుకుని పుల్లల్ని విరిచేస్తుంది. అప్పుడు బండి షాపుకు చేరుతుంది. మెకానిక్ ఒకసారి కిందికీ మీదికీ చూసి, "గేర్లు పీకేసి సాదా చేసేద్దామాండీ?" అంటాడు.

సాదా చేయడమంటే సైకిల్ స్థాయి దిగినట్టేనని చాలామంది మొహం ముడుచుకుంటారు. నాకైతే అది అసలు పనితనం బయటపడే చోటు. పీకడం అరగంట పని. మిగిలిందంతా వెనక చక్రాన్ని మళ్లీ తిన్నగా నిలబెట్టడమే. అది తెలిసిన చేతులు ఇంకా ఈ షాపుల్లోనే ఉన్నాయి.

గేరు లేకపోవడం ఒకప్పుడు లోటేమీ కాదు. టూర్ డి ఫ్రాన్స్ పందెంలో డిరైలర్‌కు 1937 దాకా అనుమతే లేదు. అంతకుముందు పందెగాళ్లు వెనక హబ్బుకు రెండు పక్కలా రెండు పళ్ల చక్రాలు పెట్టుకుని, కొండ ఎదురవగానే దిగి, చక్రం ఊడదీసి అటుదిటు తిప్పి బిగించుకునేవాళ్లు. అందుకే పాత ఫ్రేముల్లో ఇరుసు కూర్చునే గాడి పొడుగ్గా ఉండేది. అంబత్తూరు హెర్క్యులిస్, లూథియానా హీరో, సోనీపట్ అట్లాస్ నల్ల సైకిళ్లలో మనం చూసిన గాడి కూడా ఆ బాపతే. చైను వదులైతే చక్రాన్ని వెనక్కి లాగి బిగిస్తే సరిపోయేది.

మంచి రకం మౌంటెన్ బైకులో ఆ వీలు లేదు. గాడి నిట్టనిలువుగా ఉంటుంది. చైను వదులును డిరైలర్ స్ప్రింగే లాగి పట్టుకుంటుంది కాబట్టి చక్రం జరగాల్సిన అవసరం ఉండదు. ఆ డిరైలర్‌ను తీసేస్తే చైను బిగువు ఎక్కణ్ణుంచి రావాలి? ఒక దారి, పళ్ల లెక్క. ముందు పళ్ల చక్రానికో వెనకదానికో ఒక్క పన్ను పెంచితే ఇరుసు ఉండాల్సిన చోటు సుమారు మూడు మిల్లీమీటర్లు ముందుకొస్తుంది. వెనక పళ్ల చక్రాన్ని, అంటే ఫ్రీవీలును, రెండు మూడు సార్లు మార్చి చూస్తే ఒకటి కుదరొచ్చు. కుదరకపోతే చైనులో సగం లింకు వేస్తారు. అదీ కాకపోతే పాత డిరైలర్‌నే వైరు లేకుండా ఒకచోట బిగించి, చైను లాగడానికి కాపలా పెడతారు. తక్కువ ధర బండ్లలో చాలావాటికి డిరైలర్‌ను ఇరుసు దగ్గర విడి రేకుతో బిగించి ఉంటారు, గాడి కూడా కొంచెం ఏటవాలుగా ఉంటుంది. వాటితో ఈ తిప్పలుండవు.

ఇక అసలు సంగతి. ఆరు పళ్ల చక్రాల ఫ్రీవీలుకు చోటివ్వడం కోసం గేరు సైకిల్ హబ్బును ఎడమకు జరిపి కూర్చోబెడతారు. రిమ్ము మాత్రం ఫ్రేము నడుమ ఉండాలి కదా. అందుకని కుడివైపు పుల్లలు నిటారుగా, బాగా బిగువుగా ఉంటాయి. ఎడమవి ఏటవాలుగా, వదులుగా ఉంటాయి. ఒంటి ఫ్రీవీలు చాలా హబ్బులకు అదే మర మీద ఎక్కుతుంది, కానీ మరీ లోపలికి కూర్చుంటుంది. ముందు చైన్ వీలుకూ దానికీ వరస కలవదు. చైను ఏటవాలుగా నడిచి కరకరలాడుతుంది, పళ్లను తినేస్తుంది, బరువు పడ్డప్పుడు జారుతుంది కూడా.

పని తెలిసినవాడు ఇక్కడ ఇరుసు విప్పుతాడు. కుడివైపు ఉన్న వాషర్లు, గొట్టం ముక్కలు కొన్ని తీసి ఎడమవైపు వేస్తాడు. హబ్బు కుడికి జరుగుతుంది, ఫ్రీవీలు చైన్ వీలు వరసలోకి వస్తుంది. దాంతోపాటు రిమ్ము కూడా కుడికి పోతుంది కాబట్టి కుడి పుల్లలు వదులు చేసి, ఎడమవి బిగించి, దాన్ని నడుమకు లాగాలి. పావు చుట్టు చొప్పున, చక్రమంతా తిరిగొస్తూ. పని పూర్తయ్యేసరికి రెండు వైపుల పుల్లలూ దాదాపు ఒకే బిగువులో ఉంటాయి. గడ్డిమోపులు, పాల క్యాన్లు మోసే బండికి ఇంతకంటే ఏం కావాలి? కంపెనీ చక్రం కంటే ఈ చక్రమే గట్టిది.

రిమ్ము నడుమకు వచ్చిందో లేదో చూడడానికి ఖరీదైన గేజీ అక్కర్లేదు. చక్రాన్ని ఫ్రేములో పెట్టి, రిమ్ముకూ ఒక పక్క గొట్టానికీ మధ్య ఎడం చూస్తారు. తర్వాత చక్రాన్ని తిరగేసి పెట్టి, అదే పక్క మళ్లీ చూస్తారు. రెండు మిల్లీమీటర్ల తప్పు నాలుగు మిల్లీమీటర్లుగా కనిపిస్తుంది. ఇంత తెలివైన కొలత మరొకటి నాకు తెలియదు. ఫ్రేమే వంగిందేమోనని అనుమానమొస్తే దారం తీస్తారు. ఒక గాడి దగ్గర కట్టి, ముందు హ్యాండిల్ గొట్టం చుట్టూ తిప్పి, రెండో గాడి దగ్గర కడతారు. సీటు గొట్టం నుంచి దారానికి రెండు వైపులా ఒకే దూరం ఉండాలి. లేకపోతే లోపం చక్రానిది కాదు, ఎన్ని పుల్లలు తిప్పినా లాభం లేదు.

పళ్ల ఎంపికలో మాత్రం నాకు కొన్ని షాపులతో పేచీ ఉంది. ముందు 42, వెనక 18 అంటే 26 అంగుళాల చక్రంతో పెడలు ఒక చుట్టు తిరిగితే బండి 4.8 మీటర్లు పోతుంది. చదును రోడ్డుకు దివ్యంగా ఉంటుంది. మధ్యాహ్నం సముద్రపు గాలికి ఎదురుగా బాపట్ల నుంచి సూర్యలంక వెళ్లేవాడికి అది శిక్ష. ముందు 32, వెనక 16 పెడితే చుట్టుకు 4.1 మీటర్లే, కానీ మోకాళ్లు బతుకుతాయి. ఎటు తొక్కుతారో అడక్కుండా చేతికందిన ఫ్రీవీలు బిగించేవాళ్లున్నారు. గేర్లు పూర్తిగా దండగని కూడా అనను. శ్రీశైలం ఘాటు ఎక్కాలనుకునేవాళ్లు ఈ పని చేయించుకోకూడదు.

ఊడిన సామాను పాత ఇనుముకు పోతుంది. తెనాలిలో దానికీ ఒక గతి ఉంది. కాటూరి వెంకటేశ్వరరావు, ఆయన కొడుకు రవిచంద్ర సైకిల్ చైన్లు, నట్లు, పళ్ల చక్రాలు అతికి నిలువెత్తు విగ్రహాలు చేసింది ఈ ఊళ్లోనే.

చివరి బిగింపు దగ్గర తొందరపడకూడదు. గాడి ఏటవాలుగా ఉన్న బండిలో చైను లాగుడుకు ఇరుసు కుడి కొస ముందుకు పోతుంది, రిమ్ము ఎడమ గొట్టాన్ని రాస్తుంది. ఒక నట్టు కాస్త పట్టించి, రిమ్మును పక్కకు నెట్టి, రెండోది పట్టించి, ఇలా అటూ ఇటూ నడిపిస్తూ బిగించాలి. చైన్ వీలు కచ్చితమైన గుండ్రం కాదు కనుక పెడలు మెల్లగా తిప్పి, చైను ఎక్కడ ఎక్కువ బిగుస్తుందో అక్కడ అరంగుళం ఆట ఉంచాలి. రిమ్ము చోటు మారింది కాబట్టి బ్రేకు రబ్బర్లూ మళ్లీ సర్దాలి. కొత్త చైను పది రోజుల్లో కొంచెం వదులవుతుంది, అప్పుడు బండిని ఇంకోసారి షాపుకు తీసుకెళ్లాలి. రెండోసారి బిగింపుకు మెకానిక్‌లు మామూలుగా డబ్బులు అడగరు.